ఫుల్‌స్టాక్ కోర్సుకు నలభై అయిదు వేలు కట్టే ముందు

ప్రశ్న: మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. మూడెకరాల మిరప, సాగర్ కాలువ చివరి భూమి. కాలువ నీళ్లు అందనప్పుడు బోరే దిక్కు. మా అమ్మాయి బీటెక్ ట్రిపుల్‌ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్), టూ-టూలో, అంటే రెండో ఏడాది రెండో సెమిస్టర్‌లో ఉంది. సీజీపీఏ 7.1. సర్క్యూట్స్ సబ్జెక్టు ఒకటి పాస్ కాకుండా ఉండిపోయింది. ‘ఇప్పుడు మార్కులు ఎవరూ చూడరు, స్కిల్స్ కావాలి’ అని సీనియర్లు చెబుతున్నారట. ఈ వేసవిలో హైదరాబాద్‌లో వెబ్‌సైట్లు కట్టడం నేర్పే రెండు నెలల ఫుల్‌స్టాక్ కోర్సు చేస్తానంటోంది. ఫీజు 45 వేలు, హాస్టల్ ఖర్చు వేరే. అప్పు చేసైనా కట్టాలా? అసలు స్కిల్స్ బయట కొనుక్కోవాల్సిందే అయితే, నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదువు దేనికండీ? — ఒక తల్లి

జవాబు: అమ్మా, ఈ వేసవికి ఆ డబ్బు కట్టకండి. కోర్సు చెడ్డదని కాదు, దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు మీ చివరి ప్రశ్న తీసుకుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ప్యాకేజీ ఎంత, ఏ బ్రాంచికి డిమాండ్ అని అడుగుతారు. నాలుగేళ్లలో పిల్లకి ఏం రావాలి అని అడిగేవాళ్లు చాలా తక్కువ.

దానికి కాగితం మీద జవాబు ఉంది. ఈసారి కాలేజీకి వెళ్లినప్పుడు డిపార్ట్‌మెంట్ వరండాలో గోడ మీద చూడండి. విజన్, మిషన్ అని పెద్దక్షరాల బోర్డు ఉంటుంది. దాని కింద చిన్న అక్షరాల్లో ‘పీఓ’లు, అంటే ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్ ఉంటాయి. ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌బీఏ, అంటే నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్, డిగ్రీ చేతికొచ్చేసరికి విద్యార్థికి ఏమేం రావాలో రాసిన జాబితా అది. వివిధ దేశాల ఇంజనీరింగ్ డిగ్రీలను పరస్పరం సమానంగా గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందం 1989లో మొదలైంది. మన దేశానికి అందులో పూర్తి సభ్యత్వం 2014లో వచ్చింది. ఆ ఒప్పందం నమూనాలోనే మన జాబితా కూడా తయారైంది. ఏళ్లతరబడి అందులో 12 అంశాలు ఉండేవి. కొత్త నమూనాలో 11 చేశారు, సారం మారలేదు. (ఎన్‌బీఏ వాళ్లు తనిఖీకి వచ్చే ముందు వారం ఆ బోర్డు తుడుస్తారు. మిగతా రోజుల్లో దాని కింద బైకులు పెడతారు.)

పాత జాబితాలోని ఆ పన్నెండూ తీసి చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. సబ్జెక్టు జ్ఞానం, సమస్యను విడదీయడం, డిజైన్ చేయడం, ప్రయోగాలతో పరిశోధించడం, కొత్త టూల్స్ వాడటం, ఇవి అయిదూ టెక్నికల్. మిగిలిన ఏడు ఏమిటనుకున్నారు? సమాజం పట్ల బాధ్యత, పర్యావరణం, నీతి, నలుగురితో కలిసి పనిచేయడం, విషయాన్ని అవతలివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం, ప్రాజెక్టునీ డబ్బునీ నడపడం, జీవితాంతం నేర్చుకుంటూ ఉండటం. సీనియర్లు చెబుతున్న ‘స్కిల్స్’, అంటే ఫలానా లాంగ్వేజ్, ఫలానా సాఫ్ట్‌వేర్, ఈ పన్నెండింటిలో ఒక్కటే. టూల్స్ వాడటం అనే దాని కిందికి వస్తాయి.

జాబితా భాష పొడిగా ఉంటుంది కాబట్టి మీ పొలానికి నీళ్లిచ్చే డ్యామ్‌తోనే చెబుతాను. నాగార్జునసాగర్‌కి 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు. అంతటి ఆనకట్టను కాంక్రీటుతో కాకుండా రాతితో కట్టారు. కాంక్రీటు డ్యామ్ కట్టడం ఆనాటి ఇంజనీర్లకు రాక కాదు. సిమెంటుకి కరువు, బయటి నుంచి పెద్ద యంత్రాలు కొందామంటే విదేశీ మారకద్రవ్యానికి కరువు. రాయి దగ్గర్లో ఉంది, పనిచేసే చేతులు వేలకు వేలు ఉన్నాయి. ఏ పాఠ్యపుస్తకంలోని సూత్రమూ ‘రాతితో కట్టు’ అని చెప్పదు. ఉన్నవేమిటో లేనివేమిటో లెక్కేసుకుని, ఆ లెక్కకి తన సంతకం పెట్టి, రేపు ఏదైనా అయితే జవాబు చెప్పగలిగిన మనిషి తేల్చాలి. ఆ మనిషిని తయారుచేయడానికే ఈ చదువు. మిగతా లక్ష్యాలన్నీ దీని చుట్టూ అల్లుకున్నవే.

మరి అలాంటి మనిషి ఎక్కడ తయారవుతాడు అంటే, క్లాసులో కన్నా ఎక్కువగా ల్యాబ్‌లో. మన పిల్లలు పారబోసుకుంటున్నదీ అదే. ఇక్కడ నా భాగోతం ఒకటి చెప్పాలి.

నేనూ ట్రిపుల్‌ఈ వాడినే. రెండో ఏడాది మెషీన్స్ ల్యాబ్‌లో ట్రాన్స్‌ఫార్మర్ మీద ఓపెన్ సర్క్యూట్ టెస్ట్ చేశాం. లోడ్ లేని ట్రాన్స్‌ఫార్మర్ తీసుకునే పవర్ చాలా తక్కువ, పవర్ ఫ్యాక్టర్ కూడా తక్కువ. అందుకని దీనికి ఎల్‌పీఎఫ్ (లో పవర్ ఫ్యాక్టర్) వాట్‌మీటర్ అని వేరే మీటర్ వాడాలి. మేం చూసుకోకుండా మామూలు మీటర్ పెట్టాం. ముల్లు కదిలీ కదలనట్టు ఉంది. టైమ్ అయిపోతోంది. సీనియర్ రికార్డు తెరిచి అందులోని అంకె దించేశాం. వైవాలో మా సార్ సర్క్యూట్ డయాగ్రమ్ చూసి ఒకే ప్రశ్న వేశారు: “ఈ మీటర్‌తో ఈ రీడింగ్ ఎలా చదివారు నాయనా?” నోరు పెగల్లేదు. అయినా పాతికకి ఇరవై రెండు వేశారు. మార్కులు వచ్చేశాయి కాబట్టి ఆ ప్రశ్న అక్కడే మర్చిపోయాను.

కొన్నేళ్ల తర్వాత ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఉద్యోగంలో చేరాను. పది హెచ్‌పీ మోటారు కాలిపోయింది. ఎందుకు కాలిందో రాసివ్వమన్నారు. ‘ఓవర్‌లోడ్’ అని రాశాను, ఆ మాట ఎక్కడైనా ఇమిడిపోతుంది. టెన్త్ చదివిన మా ఎలక్ట్రీషియన్ మోటారు విప్పి వైండింగ్ చూపించాడు. ఒక ఫేజు కాయిల్స్ మాత్రమే నల్లగా మాడాయి, మిగతా రెండూ శుభ్రంగా ఉన్నాయి. “ఓవర్‌లోడ్ అయితే మూడూ ఒకేలా మాడాలి కద సార్, ఇది డెల్టా కనెక్షన్, లైన్‌లో ఒక ఫేజు పోయింది” అన్నాడు. (డెల్టా అంటే మూడు ఫేజుల కాయిల్స్‌ని త్రిభుజంలా కలపడం. అందులో ఒక లైను పోతే భారమంతా దాదాపు ఒక ఫేజు కాయిల్స్ మీదే పడుతుంది.) నాకు సూత్రాలన్నీ వచ్చు. కళ్ల ముందున్నదాన్ని చూసి ప్రశ్న వేయడం రాలేదు. రీడింగ్ కుదరనప్పుడు ఎందుకు కుదరలేదని ఆగి వెతకాల్సిన రోజున నేను సీనియర్ రికార్డు వెతుక్కున్నాను, అంతే తేడా.

మీ అమ్మాయిని ఫోన్‌లో ఒకటి అడగండి. అదే ట్రాన్స్‌ఫార్మర్‌కి ఓపెన్ సర్క్యూట్ టెస్ట్ తక్కువ వోల్టేజీ వైపు నుంచి, షార్ట్ సర్క్యూట్ టెస్ట్ ఎక్కువ వోల్టేజీ వైపు నుంచి చేస్తారు, ఎందుకు? రికార్డు రాసినవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు, కారణం చెప్పగలిగేవాళ్లు కొద్దిమందే. 2 కేవీఏ, 230/115 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ అనుకుందాం. షార్ట్ సర్క్యూట్ టెస్ట్‌లో, అంటే రెండో వైపు చివరలు కలిపేసి చేసేదాంట్లో, పూర్తి కరెంటు పారాలి. 115 వైపు అది 17 ఆంపియర్లు దాటుతుంది, 230 వైపు తొమ్మిది లోపే, పది ఆంపియర్ల మీటరు సరిపోతుంది. ఓపెన్ సర్క్యూట్‌లో పూర్తి వోల్టేజీ ఇవ్వాలి, అది తక్కువగా ఉన్న వైపు ఇవ్వడం తేలిక, భద్రం. మన దగ్గరున్న మీటర్లు, సప్లై, మనిషి క్షేమం చూసుకుని తీసుకున్న నిర్ణయం అది. సాగర్ డ్యామ్ రాయి కథా ఇదీ ఒకటే, సైజులోనే తేడా. అమ్మాయి చెప్పగలిగితే సంతోషం. చెప్పలేకపోతే తిట్టకండి, వచ్చే ల్యాబ్ నుంచి రీడింగులు తన చేత్తో అబ్జర్వేషన్ బుక్‌లో రాసి, లెక్క కుదరకపోతే కుదరలేదనే రాసి, కారణం సార్‌ని అడగమనండి. ఒకట్రెండు మార్కులు తగ్గుతాయేమో. తగ్గనివ్వండి.

ఇప్పుడు ఈ వేసవి సంగతి. ఆంధ్రలో బీటెక్ రెండో ఏడాది అయ్యాక 8 వారాల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టో ఇంటర్న్‌షిప్పో తప్పనిసరి. ఈ మాట మీకు చెప్పిందో లేదో! చాలామంది ఎక్కడో ఒక చోట సంతకం పెట్టించుకుని, తూతూ మంత్రంగా రిపోర్టు ఇచ్చి, ఆ రెండు నెలలు కోచింగ్‌కి వెళ్తున్నారు. మీ అమ్మాయి ప్లాన్ కూడా అదే అయి ఉంటుంది. నేనైతే ఆ ప్రాజెక్టుని మీ ఊళ్లోనే, మీ బోరు దగ్గరే చేయమంటాను.

సబ్జెక్టు: మన ఊరి మోటార్లు ఎందుకు కాలుతున్నాయి?

దీనిలో తన సిలబస్ సగం ఉంది. త్రీఫేజ్ మోటారుకి 415 వోల్టులు రావాల్సిన చోట లైను చివర 350 వస్తోందనుకోండి. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి పడిపోతుంది, అంటే సుమారు 71 శాతానికి. పంపు మాత్రం అంతే నీళ్లు తోడాలి కాబట్టి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు 20 శాతం పెరిగితే వైండింగ్‌లో వేడి 44 శాతం పెరుగుతుంది. ఇక రాత్రిపూట ఒక ఫేజు పోయి, కరెంటు ఎక్కువైతే మోటారుని ఆపాల్సిన స్టార్టర్‌లోని రిలేని ఎవరో వైరుతో కట్టేసి ఉంటే, మోటారు తెల్లారేసరికి రీవైండింగ్ షాపులో ఉంటుంది. ఈ లెక్కలన్నీ మీ అమ్మాయి పరీక్షల్లో రాసినవే. కానీ అవి మీ ఇంట్లో రీవైండింగ్ బిల్లుగా వస్తున్నాయని ఎవరూ కలిపి చెప్పి ఉండరు.

ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న పది పన్నెండు మోటార్లు తీసుకోమనండి. ప్రతి మోటారు నేమ్‌ప్లేటు మీద ఏముంది, వచ్చే వోల్టేజీ ఎంత, లాగుతున్న కరెంటు ఎంత, కెపాసిటర్ ఉందా పీకేశారా, రిలే పనిచేస్తోందా, గత రెండేళ్లలో ఎన్నిసార్లు కాలింది, ఒక్కోసారి ఎంత ఖర్చయింది. నరసరావుపేటలో రీవైండింగ్ షాపులో రెండు రోజులు కూర్చుని, వచ్చిన మోటార్లలో ఏ ఫేజులు ఎలా మాడాయో ఫొటోలు తీసుకోవాలి. ఆ షాపాయన చెప్పేది ఏ ఆన్‌లైన్ కోర్సులోనూ దొరకదు. చివర్లో రెండు పేజీలు తెలుగులో, వాళ్ల నాన్న చదివి “ఇది నిజమే” అనేట్టు రాయాలి. తర్వాత అదే విషయం ఇంగ్లిష్‌లో, కాలేజీకి ఇచ్చేలా. తెలుగుది కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి కూడా ఒక కాపీ ఇవ్వొచ్చు. రైతుతో, మెకానిక్‌తో, ఆఫీసరుతో ఎవరి భాషలో వాళ్లతో మాట్లాడటం రావాలి. ఆ బోర్డు మీద ‘కమ్యూనికేషన్’ అన్నది దీన్నే. స్పోకెన్ ఇంగ్లిష్ అందులో ఒక ముక్క మాత్రమే. ఆ ముక్క కూడా అవసరమే. ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లోనే జరుగుతుంది, దాన్ని తేలిగ్గా తీసుకోమనడం లేదు. కానీ తను కొలిచిన దాని గురించి మాట్లాడేటప్పుడు పిల్లల ఇంగ్లిష్ ఎంత బాగుపడుతుందో నేను చాలాసార్లు చూశాను. బట్టీపట్టిన ‘సెల్ఫ్ ఇంట్రడక్షన్’ చెప్పేటప్పుడే తడబడతారు.

ఉండిపోయిన సర్క్యూట్స్ గురించి. ఇది సీజీపీఏ కన్నా ముఖ్యం. ట్రిపుల్‌ఈలో మెషీన్స్, పవర్ సిస్టమ్స్, కంట్రోల్ అన్నీ దాని మీదే నిలబడతాయి. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్ ఎలక్ట్రికల్ సిలబస్‌లో కూడా అదే మొదట్లో ఉంటుంది. పైగా ‘మార్కులు ఎవరూ చూడరు’ అన్నది సగం నిజం. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు చాలావరకు 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగ్ ఉండకూడదు అని గీత గీస్తాయి. గీత దాటాక మార్కులు చూడరు, దాటకపోతే మనిషినే చూడరు. సీనియర్లు రెండో సగం చెప్పడం మర్చిపోతారు. నెట్‌లో ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల సర్క్యూట్స్ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. రోజుకి గంట, లెక్కలు చేత్తో వేస్తూ వింటే సప్లీ (సప్లిమెంటరీ పరీక్ష) గట్టెక్కుతుంది.

కోడింగ్ వద్దనడం లేదమ్మా. ఈ రోజుల్లో ఏ బ్రాంచి వాడికైనా రావాల్సిందే. ఉద్యోగాల్లో ఎక్కువ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి, మీ అమ్మాయి అటు వెళ్తే తప్పేం కాదు, ట్రిపుల్‌ఈ వృథా అయినట్టూ కాదు. కానీ ఫుల్‌స్టాక్ అంటే వెబ్‌సైటుకి ముందు కనిపించేదీ వెనక నడిచేదీ రెండూ కట్టడం. ఒక లాంగ్వేజ్ గట్టిగా రాకుండా రెండు నెలల్లో అది అయ్యే పని కాదు. కోర్సు అయ్యాక చూస్తే చాలామంది దగ్గర మిగిలేది మాస్టారు రాసిన ప్రోగ్రాం కాపీ, ఒక సర్టిఫికెట్. రికార్డు కాపీ అలవాటే ఇక్కడా వస్తుంది. ముందు పైథాన్ ఒక్కటి, డబ్బులు కట్టకుండా, ఇంట్లో నేర్చుకోమనండి. ఆ పన్నెండు మోటార్ల అంకెలు అందులో ఎక్కించి, వోల్టేజీ తగ్గినకొద్దీ కరెంటు ఎలా పెరిగిందో గ్రాఫ్ గీయించమనండి. రేపు సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలో “ఏం చేశావు?” అంటే చెప్పడానికి తనదంటూ ఒకటి ఉంటుంది. అందరూ చేసే షాపింగ్ వెబ్‌సైట్ నమూనా చూసి చూసి అడిగేవాళ్లకి కూడా విసుగొచ్చింది.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు గురించి ఇప్పుడే ఒక మాట. హైదరాబాద్ అమీర్‌పేటలో, మీ దగ్గర గుంటూరు, విజయవాడల్లో ప్రాజెక్టులు రెడీమేడ్‌గా అమ్ముతారు. నలుగురు డబ్బులు వేసుకుని కొంటారు. పెట్టె, వైర్లు, రిపోర్టు, పీపీటీ అన్నీ వస్తాయి. “ఇందులో నువ్వు చేసిన భాగం ఏది?” అనే ప్రశ్నకి జవాబు మాత్రం పెట్టెలో రాదు. ఫోర్-వన్‌కి వచ్చాక ఆపడం కష్టం, ఇప్పుడే చెప్పి ఉంచండి. మోటార్ల సర్వే బాగా చేస్తే ప్రాజెక్టు అందులోంచే పుడుతుంది. ఉదాహరణకి ఫేజు పోయినప్పుడు మోటారు ఆపి, రైతు ఫోన్‌కి తెలుగులో మాట వినిపించే స్టార్టర్. బజారులో మొబైల్ స్టార్టర్లు ఇప్పటికే ఉన్నాయి. మరి మీ ఊళ్లో ఎంతమంది పెట్టుకున్నారు, పెట్టుకుని ఎందుకు పీకేశారు? పిడుగులా, ఎలుకలా, ధరా, సిమ్ రీఛార్జా? ఈ ప్రశ్నల్లోంచే డిజైన్ మొదలవుతుంది.

ఇక దారులు. త్రీ-వన్ అయ్యేసరికి ఒక మొగ్గు తేలితే చాలు, ఇవాళే ప్రమాణం చేయించొద్దు. కోర్ వైపు, అంటే ఎలక్ట్రికల్ ఉద్యోగాల వైపు అయితే గేట్. 100 మార్కులు, మూడు గంటలు. మూడో ఏడాది నుంచే రాయొచ్చు, స్కోరు మూడేళ్లు పనికొస్తుంది. ఎంటెక్‌కే కాదు, ఎన్‌టీపీసీ, పవర్‌గ్రిడ్ లాంటి సంస్థలు ఉద్యోగాలకూ ఆ స్కోరు తీసుకుంటాయి. రాష్ట్ర విద్యుత్ సంస్థల ఏఈ పోస్టులు, రైల్వే, ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) జేఈ, అంటే జూనియర్ ఇంజనీర్ పరీక్షలకు కూడా ఆ చదువే ఆధారం. నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో ఎవరూ చెప్పలేరు కాబట్టి వాటి ఒక్కదాని మీదే కూర్చోవద్దు. ‘ఆడపిల్ల సబ్‌స్టేషన్‌లో ఏం చేస్తుంది’ అని చుట్టాలెవరైనా అంటే పట్టించుకోకండి. మహిళా ఏఈలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. తెలంగాణలో కొన్నేళ్ల కిందట ఆడపిల్లలు హైకోర్టుకి వెళ్లి, స్తంభం ఎక్కి చూపించి మరీ జూనియర్ లైన్‌మన్ ఉద్యోగం తెచ్చుకున్నారు.

45 వేల విషయం. త్రీ-వన్ అయ్యాక, సప్లీ పాసై, పైథాన్‌లో తనంతట తాను పది చిన్న ప్రోగ్రాములు రాసి, అప్పటికీ ఆ కోర్సు కావాలంటే ఆలోచించండి. అప్పుడైనా ముందు మూడు క్లాసులు ఊరికే కూర్చోనిస్తారా అని అడగాలి. ‘ప్లేస్‌మెంట్ గ్యారంటీ’ అంటే ఏమిటో కాగితం మీద రాయించుకోవాలి. ఫీజు వాయిదాల్లో కట్టాలి. కోర్సు నిజంగా మంచిదైతే ఏడాది తర్వాత కూడా అక్కడే ఉంటుంది. అప్పు వడ్డీ మాత్రం సంతకం పెట్టిన రోజు నుంచే నడుస్తుంది.

ఇప్పుడు పెట్టాల్సిన ఖర్చు రెండే. సప్లీ ఫీజు, ఒక క్లాంప్ మీటరు. మీటరు వెయ్యి, రెండు వేల మధ్యలో దొరుకుతుంది. వైరు కోయకుండా చుట్టూ తగిలిస్తే కరెంటు చూపిస్తుంది. స్టార్టర్ పెట్టె మూత తీయడం, మీటరు తగిలించడం మీ ఊరి ఎలక్ట్రీషియన్ చేతులతోనే జరగాలి, అమ్మాయి పక్కన నిలబడి అంకెలు రాసుకోవాలి. వానాకాలం తడి నేల మీద అస్సలు వద్దు. మొదటి కొలత మీ బోరు దగ్గరే, వాళ్ల నాన్న ఉన్నప్పుడు చేయమనండి.